కుళాయికి తెలిసిన ఓటు

వారిజకు పెళ్లయి నలభై ఒక్క రోజులయింది. ఆ లెక్కపెట్టడం ఇంకా మానలేదు. మెట్రోలో సీటు దొరికినా, భర్త మధూకర్ చెప్పకుండా టిఫిన్ డబ్బాలో ఉసిరికాయ ముక్క పెట్టినా, చీర కుచ్చిళ్లు ఒక్కసారికే కుదిరినా ఆ రోజు ఆమెకు పండగే. అలాంటి ఒక గురువారం నాడు తను పనిచేసే ప్రయోగశాలలో గోడంత తెర మీద హైదరాబాద్ పటం విప్పి, రంగులు నింపుతూ కూనిరాగం తీస్తోంది.

పోయిన ఎన్నికల్లో ఏ వార్డులో ఎలా ఓట్లు పడ్డాయో ఆ పటంలో రంగుల్లో కనిపిస్తుంది. పడమటి అద్దాల మేడల దగ్గర రంగు వెలిసిపోయి ఉంటుంది. అక్కడ నూటికి ముప్ఫై మంది కూడా బూత్ దాకా వెళ్లరు. వెళ్లినవాళ్లు తలో దిక్కుకు వేస్తారు. నాలా దాటి ఇవతలికొస్తే బస్తీల్లో నూటికి ఎనభై. పాతపేటల్లో ఇత్తడి పనివాళ్ల వీధిది ఒక రంగు, పూలు కట్టేవాళ్ల వీధిది ఇంకో రంగు, మధ్యలో ఉన్నది రెండు బారల సందే. ఒక్క ఊళ్లో ఇన్ని ఊళ్లు ఎందుకున్నాయన్నదే వాళ్ల పరిశోధన. ఒక్క చోట మాత్రం రంగు అద్దినట్టు ముద్దగా, దాదాపు మచ్చే లేకుండా ఉంటుంది. అది వెదురు బుట్టలల్లేవాళ్ల మేదరిబస్తీ. వారిజ అత్తవారిల్లు అక్కడే. ఆ చుక్క కంటపడినప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చేది.

"పాట ఆపి ఇలా రామ్మా," అని పిలిచారు త్రివిక్రమ్ సార్. ప్రయోగశాల ఆయనదే. "కవర్లు విప్పుదాం."

అక్కడ తయారవుతున్న యంత్రం పేరు జల్లెడ. నగరంలో ప్రతి ఇంటికీ ఆ ఏడాదే కొత్త నీటి మీటర్లు బిగించారు. అవి నీళ్లను కొలవడంతో ఆగవనీ, కుళాయి తిప్పిన చేతిని కూడా గుర్తుపట్టగలవనీ సార్ కనిపెట్టారు. చేతిరాత ఎవరిది వారిదైనట్టే కుళాయి తిప్పే తీరూ ఎవరిది వారిదే. అంతకన్నా పెద్ద సంగతి తర్వాత బయటపడింది. నలుగురి ముందూ ఒకటి చెప్పి బూత్‌లో ఇంకొకటి నొక్కే మనిషి చెయ్యి, ఎన్నికకు ముందు మూడు రోజులూ తర్వాత మూడు రోజులూ కుళాయి దగ్గర తడబడుతుంది. సగం తిప్పి ఆగుతుంది, మళ్లీ తిప్పుతుంది. అది కంటికి ఆనదు, మీటరుకు ఆనుతుంది. ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు ఎటు పడ్డాయో ఎలాగూ అందరికీ తెలిసేదే. ఆ అంకెనూ ఈ తడబాట్లనూ కలిపి జల్లిస్తే పేర్లు రాలతాయి.

నిజంగా రాలతాయా అని చూడడానికి ఉద్యోగుల సంఘం ఎన్నిక వాడుకున్నారు. క్వార్టర్లలో ఉండే పద్దెనిమిది మంది తామెవరికి ఓటేశారో రాసి కవర్లలో పెట్టి అంటించారు. వారిజ ఒక్కో కవరు విప్పి చదువుతుంటే సార్ జల్లెడ చెప్పిన పేరు చదివారు. పదిహేడు కలిశాయి.

"ఒక్కటి తప్పింది సార్. ఖాదర్ భాయ్‌ది."

అటెండర్ ఖాదర్ టీ పళ్లెం బల్ల మీద పెట్టాడు. కప్పులు గలగలమన్నాయి.

"తప్పలేదమ్మా," అన్నాడు. "కవర్లో నేనే అబద్ధం రాసిన."

సార్ ఒక్క అరుపు అరిచి ఖాదర్‌ను కావలించుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, వారిజ కూడా కొట్టింది. ఆ మధ్యాహ్నమే ఖాదర్ ఆఫీసులో కుళాయి ముట్టడం మానేశాడని ఆమె గమనించింది. వీధి చివర బోరింగు నుంచి సీసాతో నీళ్లు తెచ్చుకుని, చేతులు కూడా ఆ నీళ్లతోనే కడుక్కున్నాడు.

ఆ సంగతి ఇంటికొచ్చే దారిలోనే మరిచిపోయింది. బస్తీ మలుపు తిరగ్గానే పచ్చి వెదురు బొంగు చీల్చిన వాసన ముక్కుకు తగిలింది. పెళ్లికి ముందు ఆమెకు తెలియని వాసన అది, ఇప్పుడు తన ఇంటి వాసన. కాకినాడ పిల్ల మేదరిబస్తీకి కోడలిగా వచ్చిందంటే దానికి కారణం ప్రయోగశాల లిఫ్టు చెడిపోవడమూ, దాన్ని బాగుచేయడానికి మధూకర్‌కు మూడు రోజులు పట్టడమూను. అది ఒక్క గంట పని అని అతను పెళ్లయ్యాక ఒప్పుకున్నాడు.

మేదరిబస్తీకి ఒక కట్టుబాటు ఉంది. ఓట్ల ముందు కులమంతా బొంగులు దింపే అడ్డా మీద కూడుతుంది. బొంగులు చీల్చే కత్తిని పీట మీద పెడతారు. ఎవరికి వెయ్యాలో కులపెద్ద దశరథం చెబుతాడు. ఒక్కొక్కరూ వచ్చి కత్తి మీద చెయ్యి పెట్టి సరే అంటారు. ఆరొందల పైచిలుకు ఓట్లు ఒక్క కట్టగా పడితేనే నాయకులు ఆ ఇరుకు సందులోకి వస్తారు, బొంగుల లారీ లోపలికి రావడానికి దారి ఉంటుంది. పోయినసారి మాత్రం ఇరవై తొమ్మిది ఓట్లు పక్కకు పోయాయి. అవి ఎవరివో తెలియక దశరథం ఐదేళ్లుగా రగిలిపోతున్నాడు. అనుమానం కొమురయ్య మీద పడి అతన్ని వెలి వేశారు. అతని తల్లి పోతే పాడె పట్టడానికి బస్తీ నుంచి ఒక్క భుజం రాలేదు.

ఇవన్నీ వారిజకు మధూకర్ చెప్పినవే. చెప్పేటప్పుడు ఆమె విన్నది కథ విన్నట్టే. కాబట్టే ఆ సాయంత్రం అన్నం తింటూ నోరు జారింది.

"ఈసారి ఎవరు మాట తప్పుతారో మా జల్లెడకి ఇట్టే తెలిసిపోద్ది, తెలుసా!"

"అబ్బో," అన్నాడు మధూకర్. "నాకన్న మా ఇంటి కుళాయే ఎక్కువ సదువుకున్నదన్న మాట."

కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి పుష్పలత గుమ్మంలోనే ఆగిపోయింది. "నిజంగనే చెప్తదా? పేర్లతోని?"

"డోర్ నంబర్‌తో సహా వదినా. ఏ చెయ్యి తిప్పిందో కూడా చెప్పుద్ది."

వారిజ అత్తగారు బాలమణి కలుపుతున్న ముద్ద అలాగే వదిలేసి, కంచం పక్కకు జరిపి లేచింది. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. చాలాసేపు దాని ముందు నిలబడింది గానీ తిప్పలేదు. బిందెలో నీళ్లు ముంచుకుని కడుక్కుంది.

మర్నాడు పొద్దున్న నీళ్లు వదిలే వేళకు బస్తీలో మామూలుగా ఉండే గోల లేదు. ఆడవాళ్లు కుళాయిల దగ్గరికి పాము పుట్ట దగ్గరికి వెళ్లినట్టు వెళ్లారు. ఒకావిడ చేతికి గుడ్డ చుట్టుకుని తిప్పింది. ఎనిమిదింటికల్లా దశరథం వారిజ వాళ్ల గుమ్మంలో ఉన్నాడు.

"కొత్త కోడలా, నీ నోట్ల చక్కెర పొయ్య," అన్నాడు. "పార్టీ ఆఫీసుకు ఫోన్ కొట్టిన. మీ సారుతోని వాళ్లకు ఎప్పటిసంది మాటలైతున్నయట. వచ్చే ఆదివారం వార్డు ఎన్నిక గదా, లెక్క అయినంక పేర్లు నా చేతికొస్తయ్."

"పెద్దమామా, అది చదువు కోసం చేసిందండీ. ఎవరిమీదా..."

"సదువే గదా బిడ్డా. మేం గూడ సదువుకుంటం."

ప్రయోగశాలలో వారిజ చెప్పులు కూడా విప్పకుండా సార్ గదిలోకి వెళ్లింది. "డోర్ నంబర్లు బయటికి వెళ్లవని మీరే అన్నారు కదా సార్?"

"ఒక్క వార్డు నమూనా అమ్మా, అంతే," అన్నారు త్రివిక్రమ్ సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆయన చెడ్డమనిషి కాదు. "అడిగినవాళ్లకు ఏదో ఒకటి చూపించకపోతే ఇక్కడ దీపాలు కూడా వెలగవు. అయినా మాట మీద నిలబడేవాళ్లకు భయమెందుకు చెప్పు?"

ఆమె తన బల్ల దగ్గర కూర్చుని, ఉద్యోగుల సంఘం ఫలితాన్ని మళ్లీ తెరిచింది. మాట తప్పినవాళ్ల జాబితాలోంచి ఖాదర్ పేరు కొట్టేసింది. జల్లెడ రెండు క్షణాలు తిరిగి, ఆ ఖాళీలో టైపిస్టు నిర్మల పేరు పెట్టింది. నిర్మల పేరు కొట్టేస్తే వాచ్‌మన్ పేరు వచ్చింది. ఎన్ని ఓట్లు అటు పడ్డాయో దానికి తెలుసు, అన్ని పేర్లూ అది చెప్పి తీరుతుంది. ఒకరిని తప్పిస్తే ఇంకొకరిని ఈడ్చుకొస్తుంది. వారిజ తెర ఆపేసింది.

ఆమె ఇల్లు చేరేసరికి బాలమణి వాకిట్లో కూర్చుని బొంగు బద్దలు తీస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"బిడ్డా, ఇట్ల కూసో," అంది. కత్తి ఆపలేదు. "నీ మిషన్‌కు నా పేరు దొరుకుతదా?"

వారిజకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్తగారి పక్కనే కింద కూర్చుంది.

"ఇరవై ఆరేండ్ల సంది కత్తి మీద చెయ్యి పెడుతున్న. ఒక్కసారి గూడ వాళ్లు చెప్పినదానికి ఏయలే."

"ఎందుకత్తయ్యా? ఆ పార్టీ అంటే కోపమా?"

"కోపం లేదు, తాపం లేదు. ఏ పార్టీ అయితే నాకేంది? పెండ్లయి ఈ ఇంటికొస్తే పదకొండు మంది. పండుకుంటే పక్కన మనిషే, బుట్ట అల్లితే పక్కన మనిషే, అంగట్ల కూసున్నా మనిషే. గా ఓటేసే అట్టల సాటుకు పోయినప్పుడే నేనొక్కదాన్నే ఉంట. నిమిషమే అనుకో. ఆడ గూడ వాళ్లు చెప్పిందే ఒత్తితే ఇగ నేనేడున్న?"

"కొమురయ్యను వెలేసినప్పుడు..."

బద్ద చీలడం ఆగింది. "నోరు మూసుకుని ఉన్న," అంది బాలమణి. "ఆయన తల్లి పీనుగ ఈ వాకిలి ముంగటి నుంచే పోయింది. చూసుకుంట నిలవడ్డ."

"ఈ ఒక్కసారికి వాళ్లు చెప్పిందే నొక్కండత్తయ్యా. మీ కాళ్లు పట్టుకుంటాను."

"చేతగాదు బిడ్డా. వేలు పోదు."

ఆ పూటంతా వారిజ ఆలోచించింది. కులం పొమ్మంటే యాభై దాటిన బాలమణి ఎక్కడికి పోతుంది? ఆమెకు వచ్చిందల్లా బుట్టలూ చేటలూ అల్లడమే. బొంగు దొరికేది ఈ అడ్డాలోనే. మధూకర్‌తో చెప్దామా అనుకుంది గానీ, అతని మనసులో ఏముందో ముఖం మీద బోర్డు కట్టినట్టు కనబడుతుంది. పేరు చెరిపే దారి లేదని జల్లెడే చూపించింది. కానీ అంకె ఎంతో అన్ని పేర్లే అది చెబుతుందని కూడా చూపించింది. బస్తీ అంతా ఇప్పుడు భయంతో బిగుసుకుపోయి ఉంది. ఈసారి మాట తప్పే ఓటు బహుశా ఒక్కటే. ఒక్క ఓటుకు ఒక్క పేరు. బాలమణి చేతికన్నా ఇంకో చెయ్యి ఎక్కువగా తడబడితే?

వారిజ ఓటు పెళ్లయిన వారానికే బస్తీకి మారింది. కొత్త కార్డులో భర్త పేరు అచ్చయి రాగానే దాన్ని మూడుసార్లు ఫొటో తీసుకుని అమ్మకు పంపింది కూడా. మరుసటి వారం బుధవారం సాయంత్రం అడ్డా మీద కత్తిని తాకి సరే అన్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

గురువారం పొద్దుట నుంచి ఆమె అత్తగారిని కుళాయి ముట్టనివ్వలేదు. ఆఫీసుకు సెలవు పెట్టింది. స్నానానికి నీళ్లు తనే తోడింది, గిన్నెలు తనే కడిగింది, తాగే నీళ్లు గ్లాసుతో చేతికిచ్చింది. తను తిప్పేటప్పుడు సగం తిప్పి ఆగేది. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టి మళ్లీ తిప్పేది. ఒకసారి కట్టేసినట్టే కట్టేసి, తిరిగి తెరిచేది.

"ఏం అదృష్టమే పెద్దమ్మా!" అంది పుష్పలత గోడ మీంచి. "మా ఇంట్ల కోడలుంటే నేను దానికి నీళ్లు మొయ్యాలె."

"నాకేమన్న రోగమొచ్చిందా?" బాలమణి విసుక్కుంది. "కాళ్లు కడుక్కుందామన్నా ఉరికొస్తున్నది. ఏమైందే నీకు?"

"కొత్త కోడల్ని కదా అత్తయ్యా, కొన్నాళ్లు చేయించుకోండి," అని వారిజ నవ్వింది.

ఆ నవ్వు శనివారానికి లేదు. ఆ పొద్దున్న ఆమె ఏమీ అనుకోకుండానే ముఖం కడుక్కోవడానికి కుళాయి తిప్పబోయింది. చెయ్యి దానంతటదే సగంలో ఆగిపోయింది. లెక్కపెట్టలేదు, నటించలేదు. గోడలో బిగించిన ఆ మీటరు వేలెడంత అద్దంలోంచి తనను చూస్తున్నట్టు అనిపించింది. దొంగతనం చెయ్యని మనిషి కూడా దొంగలా ఉండటం మొదలుపెడితే, ఆ చెయ్యి చివరికి దొంగచెయ్యే అవుతుందా? మధూకర్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే కెవ్వుమంది.

"నేనే," అన్నాడతను తెల్లబోయి. "నీ లిఫ్టు మెకానిక్‌నే."

ఆదివారం వరసలో మాటల్లేవు. అట్టల చాటున వారిజ దశరథం చెప్పిన గుర్తు మీదే నొక్కింది. వేలు పక్కకు పోలేదు. అక్కడ ఒంటరిగా ఉన్నట్టు ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆమె బయటికి వస్తుంటే బాలమణి లోపలికి వెళ్తోంది. తిరిగొచ్చిన అత్తగారి ముఖం అప్పుడే స్నానం చేసినట్టు తేటగా ఉంది.

తర్వాతి మూడు రోజులూ వారిజ కుళాయి వదల్లేదు.

గురువారం లెక్కింపు. మేదరిబస్తీ బూత్‌లో పోలైనవి ఆరువందల ముప్ఫై ఎనిమిది. ఒప్పుకున్న గుర్తుకు ఆరువందల ముప్ఫై ఏడు. ఇంత గట్టి కట్ట బస్తీ పుట్టాక ఎన్నడూ లేదు. అయినా ఎవరూ డప్పు కొట్టలేదు. ఎవరికి వారు పక్కవాడి ముఖం చూశారు. మధ్యాహ్నం మూడింటికి అందర్నీ అడ్డా మీదికి పిలిచారు.

దశరథం జేబులోంచి కవరు తీసి చింపాడు. లోపల చిన్న కాగితం. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"తొమ్మిది, నాలుగు, నూటపదిహేడు. వారిజ."

నిట్టూర్పులాంటి చప్పుడు ఒకటి అడ్డా అంతా పాకింది. తమ పేరు కాదన్న ఊరట అది. వారిజ పక్కన ఉన్న పుష్పలత రెండడుగులు వెనక్కి జరిగింది.

"నువ్వా?" అన్నాడు మధూకర్. "కత్తి మీద చెయ్యి పెట్టి..."

"నేనే," అంది వారిజ. అనడం అనుకున్నంత కష్టం కాలేదు. అతని కళ్లలోకి చూడటమే కష్టమైంది.

"ఇగ చెప్పేదేముంది?" అన్నాడు దశరథం. అతని గొంతులో కోపం లేదు, తీరిన దాహం ఉంది. "ఐదేండ్లు ఆలుమగలు ఇద్దరూ ఈ బస్తీల అడుగు పెట్టొద్దు. వాళ్లకు ఎవరు తలుపు తీసినా వాళ్లు గూడ అంతే. బాలమణికి ఏం సంబంధం లేదు, ఆమె ఆమె ఇంట్ల ఉంటది."

వారిజ ఊపిరి వదిలింది. అంతే, అయిపోయింది. బయట ఎక్కడో ఒక గది చూసుకోవచ్చు. మధూకర్‌కు నెమ్మదిగా అంతా చెప్పుకోవచ్చు.

"నా కోడలు ఏయలే."

అందరూ తిరిగి చూశారు. బాలమణి లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుని, సంతలో బేరానికి దిగినట్టు ముందుకొచ్చింది.

"ఏసింది నేను. ఇయ్యాల గాదు, ఇరవై ఆరేండ్ల సంది నేనే ఏస్తున్న. పోయినసారి ఇరవై తొమ్మిదిల నాదొకటి. కొమురయ్యను ఉత్తగ ఎల్లగొట్టిన్రు. అప్పుడు నోరు తెరవలే, ఇప్పుడు తెరుస్తున్న. పిల్లను ఇడిసిపెట్టున్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"కూసో బాలమణి," అన్నాడు దశరథం జాలిగా. "కోడల్ని కాపాడుకుందామని నీ పానం కొట్టుకుంటున్నది. నువ్వెట్లేస్తవ్? నువ్వు కత్తికి మొక్కంది బొంగు ముట్టనిదానివి."

"కండ్ల ముంగట నేను చెప్తుంటె నమ్మరా?"

"కాగితం చెప్తున్నది గదా పెద్దమ్మా," అంది పుష్పలత మెల్లగా. "మిషన్ అబద్ధమాడుతదా?"

బాలమణి కాగితం వైపు చూసింది. తర్వాత ఒక్కొక్క ముఖం వెతికింది. ముప్ఫై ఏళ్లుగా పక్కన కూర్చుని బుట్టలల్లిన ముఖాలు. ఆమె మాట నమ్మిన కళ్లు ఒక్క జత కూడా లేవు. చివరికి వారిజ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు చెప్పు బిడ్డా. నీకు తెలుసు గదా. నేనే గదా ఏసింది?"

అవునంటే ఈ ముసలి చేతులకు ఇక బొంగు దొరకదు. ఈ ఇల్లుండదు, రేపు పాడె పట్టే భుజమూ ఉండదు. కాదంటే... కాదంటే ఏం పోతుందో ఈ బస్తీ మొత్తంలో తెలిసింది తనకొక్కదానికే.

"లేదత్తయ్యా," అంది. "మీరు కాదు. జల్లెడ తప్పు చెప్పదు."

బాలమణి చాలాసేపు ఆమె ముఖంలోకే చూసింది. పట్టుకున్న చేతులు వదిలేసింది. ఎడమచేతి చూపుడువేలి మీది సిరా గుర్తును బొటనవేలితో రుద్దుకుంటూ, ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును గుర్తుచేసుకుంటున్న మనిషిలా తల వంచుకుంది.

"అట్లనా," అంది. "అయితే నేను ఏయలేదేమో."